సెంటర్ స్పీకర్ మీద రాసే యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

హోమ్ థియేటర్‌కు సెంటర్ స్పీకర్, అంటే తెర మధ్యన ఉండి ముఖ్యంగా మాటలు వినిపించే స్పీకర్, ఎంచుకోవడం గురించి నువ్వు రాసి పంపిన వ్యాసం చదివాను. శైలి బాగుంది గాని, తెరకు ఎడమ, కుడి వైపుల ఉండే మెయిన్ స్పీకర్లు ఏ కంపెనీవైతే సెంటర్ కూడా ఆ కంపెనీదే కొనమన్న ఒక్క సలహాతో అసలు విషయాన్ని దాటేశావు. ఒకే కంపెనీ రెండు సిరీస్‌లలో ట్వీటర్లూ (సన్నని ధ్వనులు పలికేవి), వూఫర్ కోన్లూ (బరువైన ధ్వనులు పలికే వూఫర్లలో కంపించే భాగాలు), క్రాసోవర్లూ (ఆ రెంటికీ ధ్వనిని పంచే సర్క్యూట్లు) వేరువేరుగా ఉండవచ్చు కాబట్టి కలవవలసింది సిరీస్. తెర మీద ఎడమ నుంచి కుడికి నడుస్తున్న పాత్ర గొంతు మధ్యకు రాగానే ముక్కుతో పలికినట్టు మారిందంటే జోడీ కుదరలేదని పాఠకుడికి సూటిగా చెప్పు.

సిరీస్ కలిసినా తీరని చిక్కు మరొకటుంది. నీ వ్యాసంలో ఎక్కువ చోటు దానికే ఇవ్వాలి. టీవీ కింద పట్టడం కోసం సెంటర్‌ను చాలావరకు అడ్డంగా, నడుమ ట్వీటరూ ఇరుపక్కలా రెండు వూఫర్లూ ఉండేలా తయారుచేస్తారు. ఎదురుగా కూర్చున్నవారికి రెండు వూఫర్ల ధ్వని ఒకేసారి అందుతుంది. పక్కకు జరిగినవారికి ఒకటి ముందుగా, ఒకటి ఆలస్యంగా అందుతుంది. ఇక్కడ లెక్క వేసి చూపించడానికి సందేహించకు. వూఫర్ల కేంద్రాల మధ్య దూరం 30 సెంటీమీటర్లు, వినేవారు 30 డిగ్రీలు పక్కకు ఉన్నారనుకుంటే, రెండు ధ్వనులు ప్రయాణించే దూరంలో తేడా 15 సెంటీమీటర్లు. అది సరిగ్గా సగం తరంగదైర్ఘ్యమయ్యే 1,140 హెర్ట్జ్ ప్రాంతంలో అవి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ధ్వని వూఫర్ల నుంచి ట్వీటర్‌కు మారే క్రాసోవర్ 2,500 హెర్ట్జ్ దగ్గరుంటే ఆ గుంట మాటల నడిబొడ్డునే పడుతుంది. సోఫా చివర కూర్చున్నవారు సంభాషణ వినపడక వాల్యూమ్ పెంచమనడానికి ఇదొక కారణం. స్పీకర్లన్నిటికీ ధ్వనిని పంపే రిసీవర్‌లోని ఆటోమేటిక్ సవరణ స్థాయినీ దూరాన్నీ సరిచేస్తుందే తప్ప, ఒక్కో సీటులో ఒక్కోలా ఉన్న ఈ లోపాన్ని అందరికీ ఒకేసారి సరిచేయలేదు.

అందుచేత ట్వీటర్ కిందనో పైనో నిలువుగా చిన్న మిడ్‌రేంజ్ (నడిమి ధ్వనులు పలికేది) ఉన్న త్రీవే సెంటర్‌ను, అంటే ధ్వనిని మూడు భాగాలుగా పంచుకునేదాన్ని, వెతకమను. అంతకంటే మేలైనది మెయిన్లలాంటి స్పీకర్‌నే మూడోదిగా నిలువుగా పెట్టుకోవడం. ధ్వనిని పోనిచ్చే తెర ఉంటే దాని వెనుక, మెయిన్ల ఎత్తులోనే పెట్టవచ్చు. ఇల్లంటే టీవీ స్టాండు చుట్టూ కట్టుకున్నదే అనుకునేవారికి ఈ సలహా రుచించదు, అయినా రాయి.

స్పీకర్ల సున్నితత్వంలోని, అంటే ఒకే శక్తికి ఎంత బిగ్గరగా పలుకుతాయన్నదానిలోని, తేడాను రిసీవర్ సర్దుతుంది. ఇంపెడెన్స్ (విద్యుత్తుకు స్పీకర్ చూపే నిరోధం) మాత్రం రిసీవర్ భరించగలిగినదై ఉండాలి. అడుగు ధ్వనులకు వేరే సబ్‌వూఫర్ ఉంటే, 80 హెర్ట్జ్‌కు దిగువ ధ్వనులు సెంటర్‌కు వెళ్లకుండా కత్తిరించవచ్చు కనుక పెద్ద వూఫర్ల కోసం పాకులాడనక్కరలేదు.

కొనేముందు చేయవలసిన పరీక్షను వివరంగా రాయి. మూడు స్పీకర్ల స్థాయి సమానం చేసి, పింక్ నాయిస్ అనే పరీక్ష హోరును ఎడమ, మధ్య, కుడి వరుసలో తిప్పుతూ వినాలి. హోరు స్థానం మారాలి గాని స్వభావం మారకూడదు. తరువాత సెంటర్‌లో మాత్రమే ఒక వార్తల గొంతు వినిపిస్తూ, నడిమి సీటు నుంచి చివరి సీటుకు జరిగి హల్లులు మసకబారుతున్నాయేమో గమనించాలి. స్పీకర్‌ను షెల్ఫ్ అంచుదాకా జరిపి, ట్వీటర్ చెవి వైపు చూసేలా వంచిన తరువాతే ఈ తీర్పు చెప్పాలి.

జత దొరకని పాఠకుణ్ణి ఏదో ఒకటి కొనమని తొందరపెట్టకు. నడిమి సీటులో ఒక్కరే కూర్చుని చూసే ఇంట్లో రిసీవర్‌లో సెంటర్ లేదని పెట్టుకుంటే, ఆ ధ్వని ఎడమ కుడి స్పీకర్లకు సమానంగా పంచబడి గొంతు మధ్య నుంచే వస్తున్నట్టు వినిపిస్తుంది. పక్క సీట్లలోనూ మనుషులున్నప్పుడే ఆ ఏర్పాటు చాలదు.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి