జర్మన్ రొమాంటిక్‌లు (1800 ప్రాంతపు సాహిత్య ఉద్యమకారులు) చెప్పిన ‘ఐరనీ’ అంటే వ్యంగ్యమేనా?

పూర్తిగా కాదు. మన నిందాస్తుతిలో పైకి ఒక మాట, లోపల మరో అర్థం. ఆ ఉద్యమంలోని రచయిత ఫ్రీడ్రిక్ ష్లేగెల్ (1772–1829) చెప్పిన ఐరనీలో పైమాటా నిజమే, దానిపై అనుమానమూ నిజమే. కళాకారుడు తన సృష్టిలో లీనమవుతాడు, మరుక్షణమే పక్కకు జరిగి దాన్ని చూసి నవ్వుకుంటాడు. అదే ఉద్యమానికి చెందిన లూడ్విగ్ టీక్ 1797లో ప్రచురించిన ‘బూట్లు తొడుక్కున్న పిల్లి’ నాటకంలో ప్రేక్షకులూ పాత్రలే. నాటకం నడుస్తుండగానే దాన్ని తిట్టిపోస్తుంటారు!

ఈ నవ్వు వెనుక దాదాపు మతపరమైన భావన ఉంది: మనిషి పరిమితుడు, అతడు అందుకోవాలనుకునేది అనంతం. ఏ కవితా, ఏ సిద్ధాంతమూ దాన్ని పూర్తిగా చెప్పజాలదు. అందుకే ష్లేగెల్ ‘అథెనేయుం’ పత్రికలో (1798–1800) తన ఆలోచనలను తునకలుగానే అచ్చువేశాడు. జర్మన్ తత్వవేత్త హెగెల్‌కు ఇదంతా అహంకారంగా కనిపించింది. నా దృష్టిలో అది కొంత అన్యాయం. చిత్రమేమిటంటే, ఏ మాటనూ చివరి మాట కానివ్వని ష్లేగెల్ 1808లో కాథలిక్ మతం స్వీకరించాడు.