హ్యూస్టన్ రోడియోలో మన ఆడపిల్లలకి చోటుందా?

"రోడియో అంటే మగవాళ్లు ఎద్దులెక్కి కిందపడటమే కదా, మా పన్నెండేళ్ల అమ్మాయి అందులో చేరతానంటోంది, ఏం చెప్పాలి?" అని ఒకరు అడిగారు. నేను పుట్టి పెరిగింది హ్యూస్టన్‌లోనే. చేరనివ్వండి అనే చెబుతాను.

రోడియో అంటే గుర్రాలతో, పశువులతో జరిగే కౌబాయ్ పోటీలు, వాటితో పాటే పశువుల ప్రదర్శన. మా నాన్న నన్ను మొదటిసారి 1986లో తీసుకెళ్లారు, అప్పట్లో ఆస్ట్రోడోమ్ అనే స్టేడియంలో జరిగేది. నాకు ఆరేళ్లు. ఎద్దుల సవారీ గుర్తులేదు. గుర్తున్నది బ్యారెల్ రేసింగ్: మూడు డ్రమ్ముల చుట్టూ గుర్రాన్ని తిప్పి పదిహేను సెకన్లలో బయటికి దూసుకుపోయే ఆడవాళ్లు. డ్రమ్ము పడితే 5 సెకన్లు కలుపుతారు. ఆ రోజుల్లో షార్మేన్ జేమ్స్ అనే అమ్మాయి స్కాంపర్ అనే గుర్రం మీద 1984 నుంచి 1993 దాకా వరుసగా 10 సార్లు ప్రపంచ విజేత అయింది. ఆవిడ ఫొటో నా పుస్తకాల సంచీలో ఉండేది. ఆడవాళ్లకి ఆ చోటు ఎవరూ ఊరికే ఇవ్వలేదు. 1929లో ఒరెగాన్‌లోని పెండిల్టన్ రోడియోలో బానీ మెకారల్ అనే ఆవిడ గుర్రం మీంచి పడి చనిపోయాక వాళ్లని చాలా పోటీలకి దూరం పెట్టారు. 1948లో 38 మంది ఆడవాళ్లు టెక్సస్‌లోని శాన్ ఏంజెలోలో కలిసి సొంత సంఘం పెట్టుకున్నారు.

హైస్కూల్లో ఎఫ్‌ఎఫ్‌ఏ అనే వ్యవసాయ విద్యార్థుల సంఘంలో చేరి, రోడియోలో కాఫ్ స్క్రాంబుల్ అనే దూడల్ని పట్టే పోటీకి వెళ్లాను. మైదానంలో దూడల్ని వదులుతారు, వాటికి రెండింతల మంది పిల్లలుంటారు. పట్టుకుని, తలకి హాల్టర్ అనే తాడు తగిలించి, మధ్యలో గీసిన గడిలోకి లాక్కురావాలి. మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాయి కానీ దొరికింది! పట్టినవాళ్లకి పశువు కొనుక్కోవడానికి సర్టిఫికెట్ ఇస్తారు. దాన్ని ఏడాది పెంచి, డబ్బిచ్చిన దాతకి నెలనెలా ఉత్తరం రాసి, మరుసటి ఏడు రోడియోలో జరిగే పశువుల షోకి తేవాలి.

ఇక్కడొక మాట ముందే చెప్పాలి. స్టీర్‌ని, అంటే విత్తులు తీసిన కోడెని తీసుకుంటే చివరికి అది మాంసానికే పోతుంది. మా ఇంట్లో అది కుదరదన్నారు, నాకూ మనసొప్పలేదు. పెయ్యని తీసుకున్నాను. మొదటి నెల దగ్గరికే రానివ్వలేదు. అప్పుడు తెనాలి దగ్గర మా ఊరి నుంచి నాయనమ్మ వచ్చి ఉంది. "ముందు తాడు వదిలెయ్, గంగడోలు గీరవే" అంది. వారం రోజులు అదే పని. ఎనిమిదో రోజు పెయ్యే మెడ చాచింది. షోలో బహుమతి రాలేదు. తర్వాత దాన్ని మందలో పెంచుకునే రైతుకి అమ్మాం, అక్కడే ఈనింది.

చదువయ్యాక అదే కాఫ్ స్క్రాంబుల్ కమిటీలో వాలంటీర్‌గా చేరాను, ఇప్పటికీ ఉన్నాను. రోడియో మొత్తానికి 35 వేలకి పైగా వాలంటీర్లం. జీతం ఉండదు, పైగా సభ్యత్వానికి మేమే కడతాం. 2020 మార్చి 11న కోవిడ్ వల్ల రోడియోని మధ్యలోనే ఆపేసినప్పుడు, ఏడాదంతా పెంచిన పశువుల్ని షోలో చూపించకుండానే పిల్లలు ఇంటికి తోలుకెళ్లారు. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

మార్చిలో అమ్మాయిని తీసుకురండి. సాయంత్రం స్టేడియంలో పాటల కచేరీకి మాత్రమే వచ్చి వెళ్లిపోకండి. పొద్దున్నే పశువుల హాళ్లకి వెళ్లండి. తన వయసు పిల్లలే వాటిని కడిగి, బ్లోయర్‌తో ఆరబెట్టి, దువ్వుతూ కనిపిస్తారు. ఏది అడిగినా చెబుతారు.