ఫైళ్లకు పాత తేదీ పడుతోందా? ముందు తేడా ఎంతో చూడండి

నిన్న స్కాన్ చేసిన ఫైలు 2009 జనవరి 1 నాటిదని చూపిస్తోంది, వైరస్ ఏమో, ఫార్మాట్ కొట్టించాలా అని అడిగారు. ఆగండి. ఆ పని నేను చేసి 500 తగలేసుకున్నాను. మర్నాడు పొద్దున మళ్లీ 2009కే వెళ్లిపోయింది.

మాది పాత డెస్క్‌టాప్. నాన్నగారి పాస్‌బుక్ స్కాన్ చేసి పెట్టాను, మర్నాడు వెతికితే కనబడదు. కొత్తవి పైన ఉంటాయి కదా అని పైపైనే చూశాను. అది లిస్టులో అట్టడుగున, నేను స్కానర్ కొనకముందటి తేదీతో కూర్చుంది. అదే పొద్దున బ్రౌజర్ కూడా 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అంటూ ఏ సైటూ తెరవనివ్వలేదు, అదీ తప్పు తేదీ వల్లేనని తర్వాత తెలిసింది. టెన్షన్ పడి షాపుకి పట్టుకెళ్లాను.

అసలు సంగతి అమ్మ ఊరెళ్లినప్పుడు తెలిసింది. ఆ వారమంతా తేదీ సరిగ్గానే ఉంది! అమ్మ ఉంటే రోజూ పడుకునేముందు గోడ మీద స్విచ్ ఆపేస్తుంది, కరెంటు బిల్లు భయం. స్విచ్ ఆన్‌లో ఉన్నంతసేపూ, కంప్యూటర్ షట్‌డౌన్ చేసినా, లోపలి గడియారానికి కొద్దిగా కరెంటు అందుతూ ఉంటుంది. స్విచ్ ఆపేస్తే దాన్ని నడపాల్సింది మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ. మాది చచ్చిపోయింది. బ్యాటరీ లేకపోతే గడియారం బోర్డు కంపెనీ పెట్టిన మొదటి తేదీకి పోతుంది. బోర్డును బట్టి ఆ ఏడాది మారుతుంది.

చాలా డెస్క్‌టాపుల్లో ఉండేది సీఆర్2032, 3 వోల్టులది. నేను 40 పెట్టి కొన్నాను. ప్లగ్గు పూర్తిగా పీకేసి, క్లిప్పును పక్కకి నొక్కితే పాతది పైకి లేస్తుంది. కొత్తది ప్లస్ గుర్తు పైకి ఉండేలా పెట్టండి. ఆన్ చేయగానే బయాస్‌లోకి (విండోస్ కంటే ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి) వెళ్లి తేదీ, టైమ్ సరిచేయండి.

తేడా ఏళ్లలో కాక గంటల్లో ఉంటే వెంటనే బ్యాటరీ జోలికి పోకండి. సరిగ్గా ఐదున్నర గంటలైతే మీ దగ్గర విండోస్‌తో పాటు ఉబుంటు అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ కూడా ఉందేమో చూడండి: ఒకటి ఆ గడియారాన్ని లోకల్ టైమ్ అనుకుంటుంది, ఇంకొకటి యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం అనుకుంటుంది. పన్నెండున్నరో పదమూడున్నరో అయితే అమెరికా పశ్చిమ తీరం నుంచి అన్నయ్యో బావగారో తెచ్చిన ల్యాప్‌టాప్ అయ్యుండాలి, టైమ్ జోన్ మార్చలేదన్నమాట. మారిస్తే హార్డ్ డిస్కులో పాత ఫైళ్ల టైమ్ కూడా సర్దుకుంటుంది, ఎందుకంటే విండోస్ హార్డ్ డిస్కుల్లో వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ అనే ఫార్మాట్ ఫైలు టైమ్‌ను యూటీసీలోనే రాసుకుంటుంది. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో మాత్రం సర్దుకోదు.

ఇక ఇప్పటికే తప్పు తేదీ పడ్డవి. కెమెరా ఫోటోలైతే తీసిన తేదీ ఫోటో లోపలే ఉంటుంది, ఎగ్జిఫ్‌టూల్ అనే ఉచిత ప్రోగ్రాం దాన్ని ఫైలు తేదీగా మార్చగలదు. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటోల్లో అది ఎగిరిపోతుంది, కానీ ఫైలు పేరులో 20190512 లాంటి అంకెలుంటాయి. అవి వాట్సాప్‌లో పంపిన లేదా అందిన రోజువి, తీసిన రోజువి కావు. స్కాన్‌లకు దారి లేదు, నేను ఒక ఆదివారం కూర్చుని పేర్లు మార్చుకున్నాను.

బ్యాటరీ కొనేముందు తేదీ ఒకసారి సరిచేసి, ఈ రాత్రి స్విచ్ ఆపకుండా వదిలేసి, రేపు పొద్దున తేదీ ఎంత చూపిస్తోందో చెప్పండి.