సైన్యంలో కండబలం ముఖ్యమా, దమ్ము ముఖ్యమా?

జిమ్‌లో బరువులు బాగానే ఎత్తుతున్నా 1.6 కిలోమీటర్ల పరుగుకు ఆరు నిమిషాలు దాటిపోతోందని, ఇప్పుడు దేని మీద దృష్టి పెట్టాలని మీరు అడిగారు. పదాతిదళంలో పనిచేసి పదవీ విరమణ పొందినవాడిగా నాకు తెలిసినది చెబుతాను.

సైన్యంలోకి సిపాయిలను ఎంచుకునే అగ్నివీర్ జనరల్ డ్యూటీ ర్యాలీలో మీరు బెంచి మీద ఎన్ని కిలోలు ఎత్తుతారని ఎవరూ అడగరు. పరుగు ఐదున్నర నిమిషాల లోపు ముగిస్తే మొదటి గ్రూపు, 60 మార్కులు; ఆపైన మరో 15 సెకన్లలోపు ముగిస్తే రెండో గ్రూపు, 48. బీము పట్టుకుని పది పుల్లప్స్ తీస్తే 40 మార్కులు, ఆరుతో ఆగితే 16. తొమ్మిది అడుగుల గొయ్యి దూకడానికి, జిగ్‌జాగ్ బ్యాలెన్స్‌కు (వంకర టింకర దూలం మీద పడిపోకుండా నడవడం) మార్కులుండవు, గట్టెక్కితే చాలు. అంటే మొదటి గ్రూపులో వచ్చి ఆరు పుల్లప్స్ తీసినవాడికి 76 వస్తే, రెండో గ్రూపులో వచ్చి పది తీసినవాడికి 88 వస్తాయి. మన ఊళ్లలో తెల్లవారకముందే రోడ్డు మీద పరిగెత్తే కుర్రాళ్లలో చాలామంది ఈ లెక్క చూసుకోరు. అయితే బీము కొలిచేది మీ శరీర బరువును మీరే పైకి లాగగల బలాన్ని కాబట్టి, ఛాతీకీ భుజాలకూ అదనంగా పెరిగిన కండ అక్కడా పరుగులోనూ మీకు భారమే అవుతుంది.

ఉద్యోగంలో చేరాక లెక్క మారుతుంది. మా రోజుల్లో బీపీఈటీ అని పిలిచే శారీరక సామర్థ్య పరీక్షలో ఆయుధం, పిట్టూతో (వీపున వేసుకునే సంచి) ఐదు కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లం, తాళ్లు ఎక్కేవాళ్లం, గొయ్యి దూకేవాళ్లం. పీటీ నిక్కరులో అందరికన్నా ముందుండే సన్నటి కుర్రాళ్లు వీపు మీద బరువు పడగానే వెనకబడడం మా పటాలంలో తరచూ చూసేవాడిని. ఇరవై కిలోల మూట అరవై కిలోల మనిషికి తన బరువులో మూడో వంతు, ఎనభై కిలోల మనిషికి నాలుగో వంతు మాత్రమే. గాయపడినవాడిని స్ట్రెచర్ మీద మోసేటప్పుడు నడుము, పిడికిలి, తొడలు పనిచేయాలి, అక్కడ ఉత్త దమ్ము చాలదు. పర్వతాల మీద మాత్రం కండ ఎంతున్నా తొందరపడడానికి వీల్లేదు, 9,000 అడుగులు దాటాక ఆరు రోజులు, 12,000 దాటాక నాలుగు, 15,000 దాటాక మరో నాలుగు రోజులు శరీరాన్ని ఆ గాలికి అలవాటు చేయాల్సిందే.

అమెరికా సైన్యం కూడా పుషప్స్, సిటప్స్, రెండు మైళ్ల పరుగుతో దశాబ్దాలు నడిపిన పరీక్షను మార్చి, 2022 నుంచి డెడ్‌లిఫ్ట్‌ను, బరువులు లాగుతూ మోస్తూ చేసే పరుగును అధికారిక పరీక్షలో చేర్చింది. అయినా రెండు మైళ్ల పరుగును తీసేయలేదు. మన ర్యాలీలోనూ బరువు మోసే పరీక్ష ఒకటి ఉంటే బాగుంటుందని నా అభిప్రాయం, కానీ మీరు ఉన్న పరీక్షకే సిద్ధపడాలి.

అందుచేత బెంచి ప్రెస్‌ను కొన్నాళ్లు పక్కన పెట్టండి. వారంలో ఒకరోజు నెమ్మదిగా ఎక్కువ దూరం, మరో రోజు 400 మీటర్లను 82 సెకన్లకు మించకుండా, మధ్యలో విశ్రాంతి తీసుకుంటూ పలుమార్లు పరిగెత్తండి. బీమును రోజు విడిచి రోజు పట్టుకోండి. స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ మానవద్దు, తగ్గించండి. వీపు మీద బరువు వేసుకోవడం సెలెక్షన్ అయ్యాక మొదలుపెట్టినా సరిపోతుంది, అది కూడా ముందు నడకతోనే, ఎందుకంటే అలవాటు లేని కాళ్లతో బరువు మోస్తూ పరిగెత్తితే మోకాలి కింద కాలి ముందు ఎముక నొప్పి పట్టుకుని ట్రైనింగ్ మధ్యలో విశ్రాంతికి కూర్చోవలసి రావచ్చు.