టిఫా స్కాన్ బాగుంటే వైరస్ లేనట్టేనా?

ప్రశ్న: నాకు 27 ఏళ్లు, అంగన్‌వాడీ టీచర్‌ని. మొదటి గర్భం, ఇప్పుడు 14వ వారం. 11వ వారంలో చేసిన టార్చ్ పరీక్షలో (శిశువుకు హాని చేయగల ఇన్ఫెక్షన్లను చూసే రక్తపరీక్ష) సైటోమెగలో వైరస్ (సీఎంవీ)కు ఐజీజీ, ఐజీఎం రెండూ పాజిటివ్ వచ్చాయి. శిశువు అవయవాలను వివరంగా చూసే టిఫా స్కాన్‌లో అన్నీ తెలిసిపోతాయి, అప్పటిదాకా ఆగమని తెలిసినవాళ్లు అంటున్నారు. మా అత్తగారేమో గర్భం తీయించుకోమంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, ఈ ఒక్క రిపోర్టును పట్టుకుని గర్భం తీయించుకోవాలన్న నిర్ణయానికి దయచేసి రావద్దు. మన దేశంలో అత్యధికులకు ఈ వైరస్ చిన్నతనంలోనే సోకి ఉంటుంది కనుక ఎప్పుడో సోకినా రక్తంలో ఉండిపోయే యాంటీబాడీ అయిన ఐజీజీ పాజిటివ్ రావడం మామూలే. కొత్తగా సోకినప్పుడు వచ్చే యాంటీబాడీ ఐజీఎం కూడా ఇన్ఫెక్షన్ తగ్గాక నెలల తరబడి రక్తంలో కనిపించవచ్చు. కాబట్టి ముందుగా తేలవలసింది అది ఎప్పుడు సోకిందన్నది. ఐజీజీ వైరస్‌ను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూసే ఐజీజీ ఎవిడిటీ అనే రక్తపరీక్ష అందుకు ఉపయోగపడుతుంది. ఎవిడిటీ ఎక్కువగా ఉంటే ఇన్ఫెక్షన్ సోకి కనీసం మూడు నెలలు దాటిందని భావిస్తారు. 11వ వారంలో తీసిన రక్తం ల్యాబ్‌లో ఇంకా ఉంటే ఆ నమూనా మీదే చేయించండి, అందులో ఎవిడిటీ ఎక్కువగా ఉంటే వైరస్ గర్భం రాకముందే సోకిందన్నమాట కాబట్టి ఫలితం మరింత స్పష్టంగా ఉంటుంది.

టిఫా దాకా ఆగమన్న సలహాతో నేను ఏకీభవించలేను. స్కాన్‌లో వైరస్ కనిపించదు, అది చేసిన నష్టం మాత్రమే, అదీ కొంత ముదిరాకే కనిపిస్తుంది: మెదడులోని వెంట్రికిల్స్ (ద్రవం ఉండే గదులు) పెద్దవి కావడం, వాటి అంచుల వెంట కాల్షియం పేరుకుని తెల్లని చుక్కల్లా మెరవడం, పేగులు ఎముకంత తెల్లగా ఉండడం, కాలేయం ఉబ్బడం, తల చుట్టుకొలత వారాలకు తగినంత లేకపోవడం వంటివి. వీటిలో కొన్ని 18–22 వారాల టిఫాలో లేకపోయినా 28 వారాల తర్వాత బయటపడవచ్చు. పైగా, తెల్లని పేగులకు వేరే కారణాలు కూడా ఉంటాయి.

ఇన్ఫెక్షన్ గర్భం మొదటి నెలల్లోనే, మొదటిసారిగా సోకిందని తేలితే, మందు ఆలోచించవలసింది ఇప్పుడే. 2020లో వెలువడిన ఇజ్రాయెల్ అధ్యయనంలో, రోజుకు 8 గ్రాముల వాలాసైక్లోవిర్ తీసుకున్న తల్లుల్లో శిశువుకు వైరస్ చేరడం 30 శాతం నుంచి 11 శాతానికి తగ్గింది. అంత మోతాదును కిడ్నీ పరీక్షలు చేయిస్తూ ఫీటల్ మెడిసిన్ (గర్భస్థ శిశు వైద్య) నిపుణుల పర్యవేక్షణలోనే వాడాలి.

శిశువుకు సోకిందా లేదా అన్నది తేల్చేది ఉమ్మనీటిలో వైరస్ జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష. వైరస్ శిశువు మూత్రం ద్వారా ఉమ్మనీటిలోకి రావాలి కాబట్టి, 20–21 వారాలు నిండాక, తల్లికి సోకి కనీసం 8 వారాలు గడిచాక చేస్తేనే దాన్ని నమ్మవచ్చు. పాజిటివ్ వస్తే రెండు, మూడు వారాలకోసారి మెదడును నిశితంగా చూసే స్కాన్లు, సుమారు 32వ వారంలో ఎంఆర్ఐ అవసరమవుతాయి. సోకిన పిల్లల్లో ఎక్కువమంది పుట్టినప్పుడు ఏ లక్షణాలూ లేకుండానే ఉంటారన్నది కూడా మీ అత్తగారికి చెప్పండి.

అయితే ఈ వైరస్ వల్ల రాగల వినికిడి లోపాన్ని ఏ స్కానూ పట్టలేదు. అందువల్ల ఇన్ఫెక్షన్ ఈ గర్భంలోనే సోకిందని తేలినా, ఆ అనుమానం తీరకపోయినా, స్కాన్లన్నీ బాగున్నా సరే, పుట్టిన 21 రోజుల్లోపు బిడ్డ మూత్రానికి సీఎంవీ పీసీఆర్ చేయించండి. అది పాజిటివ్ అయితే, మొదటి వినికిడి పరీక్ష బాగున్నా, బడి వయసు వచ్చేదాకా క్రమం తప్పకుండా మళ్లీ మళ్లీ చేయిస్తూ ఉండండి.