బూట్ల లేసులు కట్టే యంత్రం: ఒక యువ రచయిత్రికి ఉత్తరం

అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన కథ రెండుసార్లు చదివాను. సెల్‌ఫోన్‌కు అలవాటుపడిన ఆరేళ్ల పిల్లవాడు, వాడిని పట్టించుకోని తల్లి, చివరి పేజీలో ఫోన్‌ను నేలకేసి కొట్టి భార్యకు బుద్ధి చెప్పే తండ్రి. వాక్యం నీకు పట్టుబడింది. పిల్లవాడు దుప్పటి కింద ఫోన్ వెలుతురు దాచుకునే సన్నివేశం కళ్లారా చూసి రాసినట్టుంది. అయితే కథ ముగిసేసరికి నాకు ఫోన్ చేసే చెరుపు తెలిసింది గానీ ఆ ఇల్లు తెలియలేదు. ఈ ఉత్తరం ఆ ఒక్క లోటు గురించే రాస్తున్నాను.

రే బ్రాడ్‌బరీ రాసిన ‘ది వెల్ట్’ అనే కథ 1950 సెప్టెంబరులో ఒక అమెరికన్ వారపత్రికలో, మొదట వేరే పేరుతో, అచ్చయింది. అప్పటికి అమెరికాలో టీవీ ఉన్న ఇళ్లు నూటికి 9 మాత్రమే. జార్జ్, లిడియా అనే దంపతులు 30,000 డాలర్లు పెట్టి ఒక ఇల్లు సమకూర్చుకుంటారు. ఆ ఇల్లే వండిపెడుతుంది, స్నానం చేయిస్తుంది, ఊపి నిద్రపుచ్చుతుంది. భోజనాల బల్ల దగ్గర కెచప్ మరిచిపోయామని జార్జ్ అంటే, బల్ల లోపలి నుంచి ఒక చిన్న గొంతు క్షమాపణ చెప్పుకొని కెచప్ తెప్పిస్తుంది. పిల్లల ఆటగది గోడలు మాత్రం పిల్లలు ఏది తలచుకుంటే అది చూపిస్తాయి. పదేళ్ల పీటర్, వెండీ కొన్నాళ్లుగా తలచుకుంటున్నది ఒక్కటే: మండుటెండలో ఆఫ్రికా గడ్డిమైదానం, దూరంగా ఏదో తింటున్న సింహాలు. చివరికి ఏమవుతుందో నువ్వే చదువు. చెప్పేస్తే నీకు అన్యాయం చేసినవాడినవుతాను.

ఆ కథలో సింహాలను అందరూ గుర్తుపెట్టుకుంటారు. నన్ను మాత్రం బూట్ల లేసులు వదలలేదు. ఇంటి యంత్రాలన్నిటినీ కొన్నాళ్లు ఆపేసి మామూలుగా బతుకుదామని తండ్రి అన్నప్పుడు, అయితే లేసులు కట్టే యంత్రం ఉండగా నా బూట్లు నేనే కట్టుకోవాలా అని పీటర్ కంగారు పడతాడు. ఆ ప్రశ్న దగ్గర నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. పిల్లవాడి లేసులు కట్టాలంటే తండ్రి కిందికి వంగాలి, మోకాలి మీద కూర్చోవాలి. ఆ అర నిమిషం ఇద్దరి ముఖాలూ ఎదురెదురుగా ఉంటాయి. బడిలో ఎవడో కొట్టాడన్న సంగతి, రాత్రి కల వచ్చిందన్న సంగతి బయటపడేది సాధారణంగా ఆ అర నిమిషంలోనే. యంత్రం తీసుకున్నది లేసులు కట్టే శ్రమనే అనుకున్నారు ఆ దంపతులు, కానీ దానితో పాటు ఆ అర నిమిషం కూడా పోయింది. అదే కథలో ఒక మానసిక వైద్యుడు వచ్చి తల్లిదండ్రుల స్థానాన్ని ఇల్లు ఆక్రమించిందని విడమరిచి చెబుతాడు. అంత గొప్ప రచయిత రాసినదైనా ఆ ప్రసంగం కథలో పలుచనైన భాగమేనని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ పని లేసులు అప్పటికే చేసేశాయి. నీ కథలో తండ్రి చివర చెప్పే నాలుగు మాటలు కూడా అటువంటివే. వాటిని తీసెయ్యి.

వాటి బదులు ఏం రాయాలో తెలియాలంటే నీ కథలో ఫోన్ ఏ పనిని లాక్కున్నదో వెతకాలి. నా ఇంట్లో జరిగినది చెబుతాను. మూడేళ్ల మనవడు అన్నం తినడని ఫోన్‌ను నీళ్ల గ్లాసుకు ఆనించి బొమ్మల వీడియో పెట్టాము. పెట్టింది నేనే. సాయంత్రంలోగా పంపవలసిన వ్యాసం ఒకటి ఉండటంతో నాకు ఇల్లు నిశ్శబ్దంగా కావలసివచ్చింది. ముద్ద నోటి దగ్గరికి వస్తే వాడు నోరు తెరిచేవాడు, కళ్లు మాత్రం తిప్పేవాడు కాదు. పప్పన్నం అయిపోయి పెరుగన్నం మొదలైన సంగతి కూడా వాడికి తెలియలేదు. మధ్యలో ప్రకటన వచ్చింది. నమలడం ఆగిపోయింది, ముద్ద బుగ్గలోనే ఉండిపోయింది. మా కోడలు ఎడమచేతి వేలితో ప్రకటన దాటించగానే దవడ మళ్లీ కదిలింది. గోరుముద్దలు పెడుతూ కాకినీ చందమామనూ చూపించే అలవాటున్న ఇల్లు మాది. ఆ రోజు అన్నం గిన్నె ఖాళీ అయింది గానీ మా ముగ్గురిలో ఎవరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు. వాడి బుగ్గలో ఆగిపోయిన ఆ ముద్ద నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

నీ కథలోని తల్లి గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆమె నీకు దోషిగా మాత్రమే కనిపించింది. బ్రాడ్‌బరీ కథలో లిడియాను చూడు. స్నానపు యంత్రమంత చక్కగా, అంత వేగంగా నేను పిల్లలకు నీళ్లు పోయగలనా, ఇక ఈ ఇంట్లో నాకేం పని అని ఆమె మథనపడుతుంది. యంత్రం వల్ల పిల్లల కంటే ముందు తల్లి అనాథ అయిందన్న ఎరుక ఆ రచయితకు ఉంది. మన ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది: తల్లి ఉద్యోగం చేసి ఎనిమిదింటికి ఇంటికి వస్తుంది, తాతయ్యా నాయనమ్మా ఊళ్లో ఉంటారు, అపార్ట్‌మెంటులో పక్క తలుపు ఎప్పుడూ వేసే ఉంటుంది. ఆ స్థితిలో ఫోన్ అందించిన చెయ్యి ఎంత అలసిపోయి ఉన్నదో రాయకుండా ఆ చేతిని తప్పుపట్టే హక్కు రచయితకు లేదు. నీ కథలోని తండ్రి ఆ ఆరేళ్లూ ఎక్కడున్నాడన్న ప్రశ్నకూ నీ దగ్గర జవాబు ఉండాలి.

యంత్రాన్ని రాక్షసిని చేయడం సులువు. ఐజాక్ అసిమోవ్ రాయగా 1940లో అచ్చయిన ‘రాబీ’ ఇందుకు ఎదురునడిచిన కథ. ఎనిమిదేళ్ల గ్లోరియాకు తనను ఆడించే రాబీ అనే మరమనిషి, ఆ ఇనుప దాది మీద ప్రాణం. సిండ్రెల్లా కథను మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకునేది ఆ మరమనిషే. పిల్ల నిజంగానే ప్రేమించింది, ఆ ప్రేమను రచయిత ఎక్కడా చిన్నచూపు చూడలేదు. కొన్న కొత్తలో తన భారం తగ్గిందనీ, నలుగురిలో గొప్పగా ఉండేదనీ తల్లి ఒప్పుకునే మాట ఒక్కటి ఉంది, ఆ ఒక్క వాక్యంలో ఆ సంసారమంతా కనిపిస్తుంది. నీ పిల్లవాడికి ఆ ఫోన్‌లో ఏది ఇష్టమో నాకు చెప్పు. ఏ ఆట, ఏ గొంతు, ఏ రంగు? ‘ఫోన్ చూస్తున్నాడు’ అని రాసి ఊరుకుంటే వాడు నీకు పరాయివాడని అర్థం.

ఫోన్లు, యాప్‌లు మారిపోతాయని, కథ పాతబడుతుందని నువ్వు భయపడ్డావు. ఆ భయం అక్కరలేదు. అసిమోవే 1951లో రాసిన ‘ది ఫన్ దే హ్యాడ్’ 2157 సంవత్సరంలో జరుగుతుంది. సీబీఎస్‌ఈ తొమ్మిదో తరగతి ఇంగ్లీషు పాఠాల్లో నువ్వూ చదివే ఉంటావు. అందులో మార్జీ అనే పిల్ల హోంవర్కును రంధ్రాల సంకేతలిపిలో రాసి, ఇంట్లోనే పాఠాలు చెప్పే యంత్రం నోట్లో పెడుతుంది. ఆ లిపి మన కాలానికే పాతబడింది. అయినా కరోనాతో బడులు మూతపడి, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్, ప్రభుత్వ విద్యా చానెల్ టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలైనప్పుడు, పడకగది పక్క గదిలో ఒంటరిగా కూర్చుని, ఒకప్పటి పిల్లలు బడి ఆవరణలో కలిసి అరుచుకుంటూ ఆడుకున్న రోజులను ఊహించుకునే మార్జీయే నాకు గుర్తొచ్చింది. యంత్రం పాతబడింది గానీ ఆ పిల్ల దిగులు పాతబడలేదు.

ఇప్పుడు నీ కథను చివరి నుంచి దిద్దవద్దు. ఆ పిల్లవాడి చేతికి మొట్టమొదటిసారి ఫోన్ ఎవరిచ్చారో, ఆ రోజు ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో, పొయ్యి మీద ఏముందో, వాడు ఎందుకు ఏడుస్తున్నాడో ఒక్క పేజీ రాసి పంపు. మిగిలిన కథ గురించి ఆ పేజీ చదివాక మాట్లాడుకుందాం.

ప్రేమతో,
మీ మాస్టారు