గ్రనాడాలో రెండు రాత్రులు చాలా? శాకాహారులకు తిండి దొరుకుతుందా?

అమ్మానాన్నలతో స్పెయిన్‌లోని గ్రనాడాకు రెండు రాత్రులు వెళ్తున్నాం, నాన్న శాకాహారి, అక్కడి పాత రాజకోట అల్హంబ్రాకు సగం రోజు చాలా అని అడిగారు. చాలు, హడావిడి పడక్కర్లేదు. మేము ఏప్రిల్‌లో మాడ్రిడ్ నుంచి రైల్లో వెళ్లాం. వెంట మా అత్తగారు ఉన్నారు, ఆవిడ గుడ్డు కూడా ముట్టరు.

హోటల్ కన్నా ముందు అల్హంబ్రా టికెట్లు బుక్ చేయండి. సీజన్‌లో చాలా ముందే అయిపోతాయి. కోటలోని నస్రిద్ ప్యాలెస్‌లు, అంటే ముస్లిం రాజుల మహళ్లలోకి వెళ్లాల్సిన టైమ్ టికెట్ మీదే ఉంటుంది, అది దాటితే లోపలికి పంపరు. మెయిన్ గేటు నుంచి అక్కడికి పెద్దవాళ్ల నడకకు ఇరవై నిమిషాలు వేసుకోండి. టికెట్లు పేర్ల మీద ఇస్తారు కాబట్టి పాస్‌పోర్టులు చేతిలో ఉండాలి.

ఈ ప్యాలెస్‌లలోనే ఉన్న సింహాల ప్రాంగణంలో అందరూ 12 పాలరాతి సింహాల ముందు ఫొటోల్లో పడిపోతారు. మీరు కాసేపు నేల చూడండి. చుట్టూ ఉన్న గదుల్లోంచి సన్నటి కాలవలు మొదలై, గడపలు దాటి నడిమి ఫౌంటెన్ దాకా వస్తాయి. ఇది 14వ శతాబ్దంలో ఇక్కడి సుల్తాను ఐదో మహమ్మద్ కట్టించినది. పక్క హాల్లో తల పైకెత్తితే తేనెపట్టులా గూళ్లు గూళ్లుగా చెక్కిన గోపురం. మా అత్తగారు మెడ నొప్పెట్టేదాకా దాన్నే చూశారు. కోటలోనే ఉన్న స్పెయిన్ రాజు ఐదో చార్లెస్ ప్యాలెస్‌కు పది నిమిషాలు చాలు. మిగిలిన టైమ్ జెనరలిఫే తోటల్లో కూర్చోండి.

ఇక తిండి. గ్రనాడాలో చాలా బార్లలో డ్రింక్ చెబితే దాంతో ఒక చిన్న ప్లేటు, అంటే టాపా, ఉచితంగా ఇస్తారు. కూల్‌డ్రింక్‌కి కూడా చాలాచోట్ల ఇస్తారు. చిక్కేంటంటే అందులో ఏం పెట్టాలో వాళ్లిష్టం. ప్లేటు వచ్చాక వద్దనే కన్నా ఆర్డర్ చెప్పేటప్పుడే మాట్లాడండి. ఉత్తినే "మాంసం వద్దు" అంటే చాలదు, పంది తొడ మాంసం (హామ్) అయినా, ట్యూనా చేపైనా రావచ్చు. "సిన్ కార్నే, సిన్ హామోన్, సిన్ పెస్కాదో" (మాంసం, హామ్, చేప లేకుండా) అని మూడూ చెప్పండి. సాల్మోరెహో అనే చల్లటి టమాటా సూప్ మీద కూడా హామ్, గుడ్డు చల్లుతారు.

నాన్నగారికి ధైర్యంగా చెప్పదగ్గది బెరెన్‌హేనాస్ కోన్ మియెల్. వంకాయను పల్చగా కోసి, పిండి పట్టించి వేయించి, పైన నల్లటి చెరకు పాకం పోస్తారు. వేడిగా ఉన్నప్పుడే తినాలి, చల్లారితే మెత్తబడిపోతుంది. పిండిలో గుడ్డు ఉందేమో మాత్రం అడగండి. మా అత్తగారు మొదట "వంకాయకి తీపేమిటి?" అన్నారు, తర్వాత ఇంకో ప్లేటు చెప్పించారు. పొద్దున టిఫిన్‌కి టమాటా తురుము, ఆలివ్ నూనె వేసిన టోస్ట్ ఎక్కడైనా దొరుకుతుంది. సాయంత్రం నాలుగు దాటితే చాలా వంటగదులు మూసేస్తారు, మళ్లీ ఎనిమిదికే. బ్యాగులో పళ్లో బిస్కెట్లో ఉంచండి.

అల్హంబ్రాకు ఎదురు కొండ మీదున్న పాత పేట అల్బైసిన్‌లో వీధులన్నీ ఎత్తు, పైగా గులకరాళ్లు. మోకాళ్ల నొప్పులుంటే సీ31 మినీబస్సులో పైకి వెళ్లి, శాన్ నికొలాస్ వ్యూపాయింట్ దగ్గర సూర్యాస్తమయానికి అరగంట ముందే చోటు చూసుకోండి. అల్హంబ్రా, వెనకాల సియెర్రా నెవాదా మంచు కొండలు ఎదురుగా కనిపిస్తాయి. చీకటి పడ్డాక చలేస్తుంది, అమ్మగారికి శాలువా పెట్టండి. దిగడానికి కూడా బస్సే మేలు.